పూజలో పెట్టిన కడ్డీ

ఆ దసరా పూజ నేను అమ్మవారికి చేశానా, సేటు కోసం చేశానా? ఆరేళ్లు ఈ సందేహం నన్ను వదల్లేదు. దీపం పెట్టినప్పుడల్లా అమ్మవారినే అడిగాను.

నిజామాబాద్‌లో మా సేటుకు ట్రాన్సిస్టర్ రేడియోలు బిగించే కార్ఖానా ఉండేది. నలభై మందిమి పనిచేసేవాళ్లం. ఆడవాళ్లు చాలామంది బీడీలు చుట్టే పని మానేసి వచ్చినవాళ్లే. నేను మేస్త్రీని. 1972 దసరాకు, ఇళ్లలో ఉన్నవాటితో సహా పనిముట్లన్నీ తెచ్చి ఒక్కచోట పేర్చాలని, పసుపు కుంకుమ పెట్టాక తెల్లవారేదాకా ముట్టకూడదని చెప్పింది నేనే.

వాళ్లలో ఒకతె హన్మవ్వ, తన టంకం కడ్డీ ఇవ్వనంది. పిడికి ఎర్రదారం చుట్టిన ఆ కడ్డీని బొగ్గుల మీద కాల్చి, సాయంత్రాలు ఇంట్లో రేడియోలు బాగుచేసి పిల్లలను సాకేది.

"ఇది నా ఇంటిది రామ్‌దాసన్నా, కంపెనీది గాదు."

"అమ్మవారి ముంగట గట్లనొద్దు. రేపు పొద్దుగాల నా చేతులతోని నీకిస్త."

"నీ భక్తి సల్లగుండ! నా కడ్డీకి గూడ మోక్షమిప్పిస్తవా?" అని నవ్వుతూనే పెట్టింది.

మర్నాడు తాళం తీస్తే హాలు ఖాళీ. నేల మీద నలిగిన బంతిపూలు, లారీ చక్రాల మట్టి. కార్ఖానా హైదరాబాద్‌కు మారిందని, అక్కడ కరెంటు, రోడ్ల సౌలతులు ఎక్కువని సేటు గుమాస్తా చెప్పాడు. మాకు ఒక్క మాట చెప్పలేదు. సేటుకు వెతుక్కునే శ్రమ కూడా లేకుండా అన్నీ నేనే సిద్ధం చేసి పెట్టాను.

"మంచిగ సదిరిపెట్టినవే అన్నా. లారీల ఎక్కిచ్చుడొక్కటే తక్కువైంది," అంది హన్మవ్వ. ఆ నెలలోనే పిల్లలతో బోధన్ వెళ్లి చెరుకు తోటల్లో కూలికి కుదిరింది.

ఆ కడ్డీ కోసం ఏటా హైదరాబాద్ పోయాను. గేటు దగ్గరే తరిమారు. 1978లో దసరా నాడే వెళ్లాను. ప్రసాదానికి గేటు తెరిచి ఉంచారు. లోపల పనిముట్లన్నీ అదే పద్ధతిలో పేర్చి ఉన్నాయి. ఎర్రదారం నల్లబడింది, అయినా గుర్తుపట్టాను. హారతి వెలుగుతుండగానే చెయ్యి పెట్టి తీశాను.

"పూజల ఉన్నది ముడ్తవా? పాపం తగుల్తది!" అన్నాడు సేటు.

"తగలనియ్యి. నలభై మంది నోటికాడి బువ్వ గుంజుకున్నవ్, నీకు తగిలిందా? ఇది హన్మవ్వది. ఎవడాపుతడో సూస్త!"

పనివాళ్లు పక్కకు జరిగి దారిచ్చారు. అమ్మవారికి కోపం వచ్చిందో లేదో నాకిప్పటికీ తెలియదు.

మర్నాడు బోధన్‌లో, తోట గట్టు మీద, కడ్డీ హన్మవ్వ చేతిలో పెట్టాను. చెరుకు ఆకులు కోసిన గీతలు ఆ చేతినిండా ఉన్నాయి. ఆమె పిడి తిప్పి చూసుకుంది.

"రేపు పొద్దుగాల ఇస్తనంటివి. ఇప్పుడు తెల్లారిందా అన్నా?" అని, కడ్డీని కొంగున ముడేసుకుంది.