లైబ్రరీ పంపకాలు

అన్నయ్యకీ వదినకీ విడాకులు వచ్చిన నెలకి వదిన నాకు ఫోన్ చేసి, "మన లైబ్రరీ కూడా పంచేసుకుందామే" అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. "వాడితో పడకపోతే వాడికిచ్చావు విడాకులు. నాకెందుకు?" అని అరిచాను. "రోజూ నీతో మాట్లాడుతుంటే ఆ ఇంట్లోంచి బయటపడినట్టే ఉండట్లేదు. ఆదివారం రా, ఎవరి భాగం వాళ్ళు తీసుకుందాం" అని పెట్టేసింది.

లైబ్రరీ అంటే పుస్తకాలది కాదు. ఫోన్లో మెసేజ్ పెడితే మనిషిలా జవాబిచ్చే చాట్ బాట్లుంటాయి చూడండి, వాటిని తయారుచేసేవాళ్ళకి కావాల్సిన ముక్కలన్నీ సిద్ధంగా పెట్టిన ప్రోగ్రామ్. టైర్ల షాపు మీద గదిలో, ఒకే కంప్యూటరు ముందు రెండు కుర్చీలేసుకుని మేమిద్దరం రాశాం. అప్పుడు వదిన కొత్త కోడలు, నేనింకా కాలేజీలో ఉన్నాను. కింద టైర్లకి గాలి కొడుతుంటే పైన మా బల్ల వణికేది. అబ్బ, ఏం రోజులవి!

నా బుర్రకెక్కాలని వదిన దాన్ని ఇల్లులా చెప్పింది. "మెసేజ్ ఏ యాప్‌లోంచి వచ్చినా దానికో తలుపుంటుంది. లోపలికి తేవడం, జవాబు బయటికి పంపడం, తలుపు పని అంతే. లోపల మనుషులు వరసగా కూర్చుంటారు. ఇది నీదా? కాదు. నీదా? నాదే. నాదే అన్నవాడు జవాబు చెప్పేస్తాడు, పక్కవాడిదాకా పోదు. ఎవరిదీ కాకపోతే చిట్టచివర కూర్చున్నవాడు 'అర్థం కాలేదు, మళ్ళీ చెప్పండి' అంటాడు." ఎవరితో మాట ఎక్కడిదాకా వచ్చిందో గుర్తుంచుకోడానికి ఇంకో ఫోల్డరు. దాని పేరు జ్ఞాపకం.

ఇంత చెప్పిన మహాతల్లి, పళ్ళ డాక్టరుగారికి మా మొదటి బాట్ ఇచ్చేటప్పుడు ఆ చివరివాణ్ణి తీసుకెళ్ళి అందరికన్నా ముందు కూర్చోబెట్టింది. ఇంకేముంది! పన్ను నొప్పి అన్న ప్రతివాడికీ "అర్థం కాలేదు, మళ్ళీ చెప్పండి". ఒకాయన పాపం దవడ వాచిపోయిందని బతిమాలుకున్నాడు. డాక్టరుగారు ఫోన్లో చెడామడా తిడుతుంటే, వదిన ఫోన్ నా చేతిలో పెట్టేసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతూ నేలమీద కూలబడింది. తిట్లు నాకు, నవ్వు తనకి.

ఆదివారం వెళ్ళాను. కొత్త ఇంట్లో అట్టపెట్టెలు ఇంకా విప్పలేదు. మంచినీళ్ళిచ్చి, ఎవరో చుట్టాన్ని అడిగినట్టు "అంతా బాగున్నారా?" అంది. నా ప్రాణం ఉసూరుమంది. తలుపులు నాకట, లోపలి వరసా జ్ఞాపకమూ తనకట. ఒకరి భాగం లేకుండా రెండోవాళ్ళది నడిస్తే పంపకం అయిపోయినట్టే. ఆ తర్వాత నేనెవరో, తనెవరో. అన్నయ్యకి పెళ్ళాం పోతే పోయింది, నాకు వదిన పోతోంది.

వదిన తలుపుల ఫోల్డరు తీసి పక్కన పెట్టి, మిగతాది నడిపింది. ఆగిపోయింది. ఇటుది అటు మార్చి చూసింది. మళ్ళీ ఆగిపోయింది. వచ్చింది పాత మనిషో కొత్త మనిషో తెలియాలంటే తలుపులకి జ్ఞాపకం కావాలి. ఆ మనిషి ఎటునుంచి వచ్చాడో తెలియాలంటే జ్ఞాపకానికి తలుపులు కావాలి. రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని వదలట్లేదు.

వదిన తెర వంకే చూస్తూ, "ఇవి విడిపోవేమోనే" అంది.

ఇలాంటి ముడి విప్పడం బ్రహ్మవిద్యేం కాదు. మధ్యలో చిన్న ఫైలు పెట్టి, రెండూ దాంతోనే మాట్లాడేలా చేస్తే సరి. కాఫీ చల్లారేలోపు అయిపోయే పని. ఆ కిటుకు నాకు నేర్పిందెవరనుకున్నారు? వదినే.

తను నా వైపు తిరగలేదు. మౌస్ మీద చెయ్యి కదలట్లేదు. నేనా కిటుకు చెప్పేస్తానేమోనని బిగుసుకుని కూర్చుంది.

"విడిపోవు వదినా" అన్నాను. "నేనూ చూస్తూనే ఉన్నా. దారి లేదు."

"లేదు కదా?"

"లేనే లేదు."

"అయితే ఏం చేస్తాం!" అంటూ తీసినవన్నీ ఎక్కడివక్కడ పెట్టేసింది. కళ్ళు తుడుచుకుని నా వైపు తిరిగి, "రేపు పొద్దున్నే ఫోన్ చెయ్యి. మొన్న నువ్వు రాసిన తలుపు చెత్తగా ఉంది, నిన్ను తిట్టాలి" అంది.