ఆడవాళ్ళ గేటు సన్యాసమ్మ

మ్యాట్నీకి రెండో గంట మోగేసరికి సన్యాసమ్మ పద్నాలుగో టిక్కెట్టు చింపుతోంది. సగం ముక్క వచ్చిన మనిషి చేతిలో పెట్టడం, మిగతా సగం గోడకున్న డబ్బాలో వెయ్యడం, ఎడమచేత్తో గుమ్మం తెర పక్కకి లాగి "సీకటమ్మా, మెట్టుంది సూసుకోండి" అనడం. పన్నెండేళ్ళుగా అదే వరస. కాగితాలు చింపీ చింపీ కుడిచేతి బొటనవేలి గోరు ఒక వైపుకి అరిగిపోయింది. పొట్టి మనిషి, యాభై దాటిన వయసు. నిలబడి నిలబడి పాదాలు ఉబ్బి, చెప్పులు విప్పాక కూడా పట్టీల గుర్తులు తెల్లారేదాకా చర్మం మీద ఉండిపోతాయి.

ఆ హాలు వన్ టౌన్‌లో, మార్కెట్ దాటాక రెండో సందు మొగలో ఉంది. మగవాళ్ళు ముందు వీధిలోంచి వెళ్తారు. ఆడవాళ్ళ బెంచీ క్లాసుకి పక్కసందులోంచి దారి. లోపల ఇద్దరికీ మధ్య నడుమెత్తు గోడ. రేవు వైపు నుంచి వచ్చే ఇనుపరాతి దుమ్ము సందు గోడల మీద పేరుకుని, ఎవరు ఆనుకున్నా చీర వెనక ఎర్రగా అంటుకుంటుంది. సన్యాసమ్మకి దేనికీ ఆనకుండా నిలబడటం అలవాటు.

పద్నాలుగుతో జనం ఆగిపోయారు. మేనేజరు శ్రీరామ్మూర్తి కళ్ళజోడు తుడుచుకుంటూ సందులోకి వచ్చాడు.

"ఎంతమంది?"

"పద్నాలుగు బాబూ."

"అయితే సరే. బెజవాడ నుంచి పంపిణీ కంపెనీ మనిషి గురునాథరావు గారు వచ్చారు. సాయంత్రం ఆట కాగానే రీళ్ళు పెట్టెల్లో పెట్టించేస్తారట. రేపట్నుంచి పాత జానపదం ఏదో వేస్తాం."

సన్యాసమ్మ చేతిలో టార్చిలైటు ఒకసారి వెలిగించి ఆర్పింది.

"రేపు ఆదివారం కదా బాబూ. పోతమ్మ ఆళ్ళ పేటోళ్ళందర్నీ తెత్తానంది."

"పోతమ్మ కోసం ఎవరైనా బొమ్మ ఉంచుతారా?" శ్రీరామ్మూర్తి నవ్వి వెళ్ళిపోయాడు. చెడ్డవాడేం కాదు. వేరే పని ఉండి వెళ్ళాడంతే.

అది డెబ్బై ఎనిమిదో సంవత్సరం, వానలు తగ్గుతున్న రోజులు. ఆ సినిమా వచ్చింది నిన్న శుక్రవారమే. అందులో కొట్లాటలు లేవు, గుర్రాలు లేవు. ఒక గుమాస్తా తన ఆఫీసరుని ఇంటికి భోజనానికి పిలుస్తాడు. తెల్లారినప్పటి నుంచి ఆ ఇంట్లో ఏదీ సరిగ్గా జరగదు. పాలు విరుగుతాయి. కుళాయి ఆగిపోతుంది. పిలవని అత్తగారు ఎనిమిది మంది చుట్టాలతో దిగుతుంది. అరిటాకులు మేక నమిలేస్తుంది. దొడ్డిదారిన వచ్చిన ఆఫీసరుని దొంగనుకుని బావమరిది స్నానాలగదిలో పెట్టి గడియ వేసేస్తాడు. గుమాస్తా భార్య కొంగు దోపుకుని పొద్దుట్నుంచీ ఒక్కొక్కటే సర్దుతూ ఉంటుంది. చివరికి ఆఫీసరు తినకుండానే వెళ్ళిపోతాడు. అప్పుడామె ఉన్నవాళ్ళందరినీ కూచోబెట్టి మాడిన పప్పు వడ్డించి, తనూ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, నవ్వడం మొదలుపెడుతుంది. కథ అంతే.

నిన్న ఆట వదిలాక మగవాళ్ళు ముందు వీధిలో బీడీలు ముట్టించుకుంటూ తీర్పు చెప్పేశారు. "ఈరో ఒక్కడ్ని కూడా కొట్నేదు బావ," అన్నాడొకడు. "కొట్టడం కాదు, ఆడు పెళ్ళానికి నీళ్ళు తోడుతన్నాడు," అన్నాడు ఇంకొకడు. సగంమంది చివరిదాకా కూర్చోనే లేదు.

గోడకి ఇవతల ఉన్నది ఇరవై మందే. వాళ్ళు మాత్రం ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. చేపలమ్మే పోతమ్మ బయటికొచ్చి సన్యాసమ్మ రెండు చేతులూ పట్టుకుంది. "ఒలప్పా, నాను ఇలాగ నవ్వి ఎన్నాళ్ళయిందో నాకే గేపకం నేదు. ఆదివారం మా పేటోళ్ళందర్నీ తెత్తాను. బెంచీలు సరిపోవు సూడు," అంది.

ఆ మాట సన్యాసమ్మ రాత్రంతా నెమరేసుకుంది. పన్నెండేళ్ళలో ఆమె ఎన్నో బొమ్మలు చూసింది, అన్నీ గుమ్మం తెర పక్కన నిలబడి, ముక్కలుముక్కలుగా. పాటలో సగం, ఏడుపులో సగం. ఏ బొమ్మ నిలుస్తుందో ఏది పోతుందో ఆమెని ఎవరూ అడగలేదు. అడిగితే చెప్పగలదు. బొమ్మ పడే తెరకి వీపు పెట్టి, బెంచీల మీద మొహాల్ని చూస్తే తెలిసిపోతుంది.

ఇంటర్వెల్లు ఇచ్చారు. ముందు వీధిలో గురునాథరావు, తెల్ల లాల్చీ వేసుకున్న బక్కమనిషి, సోడాబండి దగ్గర మగవాళ్ళని ఆపి ఒక్కొక్కరినీ అడుగుతున్నాడు. ఎవరో పెదవి విరిచారు. ఎవరో చెయ్యి తిప్పారు. సన్యాసమ్మ సందు మొగలోంచి అంతా చూసింది. ఆట నడుస్తుండగా ఆమె ఎప్పుడూ గేటు వదిలి వెళ్ళలేదు. ఇప్పుడు తెర దించి, కొంగు భుజం చుట్టూ తిప్పుకుని, వీధిలోకి నడిచింది.

"బాబూ, ఒక మాట."

గురునాథరావు తిరిగి చూశాడు. "ఎవరమ్మా నువ్వు?"

"ఆడోళ్ళ గేటు నాదండి. తమరు మగోళ్ళని అడుగుతన్నారు. ఆడోళ్ళని అడగనేదు."

"బెంచీ క్లాసులో పద్నాలుగు మంది ఉన్నారని మేనేజరు గారు చెప్పారులేమ్మా."

"పద్నాలుగు మందేనండి. ఆల నవ్వు ఇన్నారా తమరు?"

ఆయన తల తిప్పి హాలు వైపు చూశాడు. సోడా సీసా కింద పెట్టాడు.

"ఒక్కపాలి నా గేటు కాడికొచ్చి నిలబడండి. లోపలికి రావద్దు. తెర బయటే. మేక ఆకులు తినే కాడికి ఒచ్చింది ఆట. అక్కణ్ణుంచి కొసదాకా ఇని, అప్పుడు రీళ్ళు పెట్టెలో పెట్టుకోండి. నాను అడ్డు సెప్పను."

ఆయన వచ్చాడు. చదువుకున్న మనిషి ఆడవాళ్ళ సందులో నిలబడటానికి ఇబ్బంది పడుతూ, గోడకి ఆనబోయి, ఆమె చెయ్యి అడ్డం పెడితే ఆగాడు. లోపల దీపాలు ఆరిపోయాయి.

మొదట ఒక్కరే నవ్వారు. ఎవరో ముసలామె, కీచుగొంతు. తర్వాత ఇద్దరు ముగ్గురు. మేక అరిచింది, లోపల బెంచీ కిర్రుమంది, ఎవరో తొడ మీద చరుచుకున్నారు. గడియ పడ్డ చప్పుడుకి పద్నాలుగు గొంతులూ ఒక్కటై తెర గుడ్డని బయటికి తోస్తాయా అన్నట్టు వచ్చాయి. "ఓలమ్మ, ఆపీసరుని ఏసేసినాడు గదిలో," అని ఒకామె పక్కామెకి చెబుతోంది, పక్కామె కూడా అదే చూస్తున్నా సరే. గురునాథరావు తల వంచుకుని వింటున్నాడు. ఆయన పెదవులు తెలియకుండానే కదులుతున్నాయి.

సన్యాసమ్మ వినడం మానేసి మనసులో ఇంకెక్కడికో వెళ్ళిపోయింది. తగరపువలస దగ్గర పల్లెలోంచి ఆమె, మొగుడు అబ్బులు, వన్ టౌన్‌లో పెంకుటింటి గదిలోకి దిగిన కొత్త. అబ్బులు రేవులో బస్తాలు మోసేవాడు. తనకి పని ఇప్పించిన మేస్త్రీని ఒకరోజు అన్నానికి పిలిచాడు. ఆ రోజే కుండపోత వాన. పెంకు ఊడి అన్నం గిన్నెలో పడింది. చేపల్ని పిల్లి ఎత్తుకుపోయింది. మేస్త్రీ గుమ్మంలో జారి మురిక్కాలవలో కూలబడి, లేచి, ఒక్క మాట అనకుండా వెళ్ళిపోయాడు. అబ్బులు తల మీంచి నీళ్ళు కారుతుండగా ఆమె వైపు చూసి, "ఇంకేటి మిగిలిందే పడ్డానికి?" అన్నాడు. అప్పుడే రెండో పెంకు పడింది. ఇద్దరూ ఆ నీళ్ళలో కూర్చుని కడుపు పట్టుకుని నవ్వారు. తర్వాత పదేళ్ళకి అబ్బులు జ్వరంతో పోయాడు. కూతురు కాశమ్మ అప్పటికి ఏడేళ్ళ పిల్ల. ఎవరో తెలిసినవాళ్ళు చెబితే సన్యాసమ్మకి ఈ గేటు దొరికింది. ఆ వాన రోజు సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. చెబితే నవ్వుతారని కాదు, తనతో నవ్వినవాడే లేడు కదా అని.

ఆట వదిలారు. ఆడవాళ్ళు కళ్ళు నలుపుకుంటూ సందులోకి వచ్చారు. గురునాథరావు బెరుకుగా ఒక పక్కకి జరిగాడు.

"ఈ బాబు బెజవాడ నుంచొచ్చినారు," అంది సన్యాసమ్మ. "బొమ్మ ఎలాగుందో సెప్పండి. మొకమాటం వద్దు."

అందరూ ఒకరి వెనక ఒకరు జరిగారు. తర్వాత రేవు గుమాస్తా భార్య తాయారు గొంతు సవరించుకుంది. "పాటలు బాగులేవండి. హీరో మరీ ముసలివాడిలా ఉన్నాడు. కానీ ఆ కుళాయి సంగతి ఎవరు రాశారో గానీ, మా ఇంట్లో చూసి రాసినట్టే ఉంది."

"అత్తగోరు బండి దిగిన కాడ నాకు సెమట్లు పట్టేసినాయి," అంది ఇంకొకామె. "రేపు మా అత్తని తీసుకొచ్చి సూపిత్తాను. ఆమె సివర్న నవ్విందంటే ఇంక మా ఇంట్లో దెబ్బలాట నేదు."

"నవ్వకపోతే?" అని ఎవరో అడిగారు.

"నవ్వకపోతే ఎల్లుండి మళ్ళీ తెత్తాను."

సందంతా నవ్వు. వెనకాల నిలబడ్డ ఒక నల్లని సన్నటి అమ్మాయి, చంకలో బిడ్డతో కొంచెం ముందుకి జరిగింది. నెమ్మదిగా అంది, "ఆ మనిసి మాడిపోయిన పప్పు తింటా నవ్విందండి. నాను రోజూ మాడిందే తింటాను. నవ్వొచ్చని నాకు తెల్దు."

గురునాథరావు జేబులోంచి కాగితం తీసి ఏదో రాసుకోబోయి, రాయకుండానే మడిచేశాడు.

"రేపటి మాట రేపు చూద్దాం," అన్నాడు సన్యాసమ్మతో. "ఫస్ట్ షోకి ఎంతమంది వస్తారో చూస్తాను."

ఆరింటి ఆటకి ఇంకా గంట ఉంది. ఆ గంటలో ఏం జరిగిందో సన్యాసమ్మకి తర్వాత తెలిసింది. పద్నాలుగు మందీ తిన్నగా ఇళ్ళకి పోలేదు. కుళాయిల దగ్గర, కొట్ల దగ్గర, గుమ్మాల్లో ఆగి ఆగి వెళ్ళారు. మార్కెట్లో గంప దించుకుంటున్న పోతమ్మకి రీళ్ళు వెళ్ళిపోతున్నాయన్న మాట చేరింది. ఆమె ఆదివారం దాకా ఆగలేదు.

ఐదున్నరకి సందు మొగలో ఏదో గోల వినిపించి సన్యాసమ్మ తొంగిచూసింది. పోతమ్మ ముందు నడుస్తోంది. వెనక పేట ఆడవాళ్ళు, తలల్లో పూలు, కొందరి చేతుల మీద ఇంకా చేప పొలుసులు. వాళ్ళ వెనక మ్యాట్నీ చూసినవాళ్ళే మళ్ళీ, అత్తలతో, ఆడపడుచులతో. వరస సందు దాటి మార్కెట్ వీధి మలుపు తిరిగింది.

"అప్పా, ఆదివారమని సెప్పి శనివారమే ఒచ్చేసినాము," అంది పోతమ్మ. "ఏటి సేత్తాము, ఆళ్ళు పెట్టికి తాళం ఏసేత్తారంట గదా."

సన్యాసమ్మ వేళ్ళు టిక్కెట్లు చింపుతున్నాయో కాగితపు పూలు చల్లుతున్నాయో తెలియనంత వేగంగా ఆడాయి. బెంచీలు నిండాయి. నేల నిండింది. మెట్టు మీద కూడా కూర్చున్నారు. లోపల గోడకి అటువైపు మగవాళ్ళు పలచగా ఉన్నారు. మొదటి నవ్వు లేచినప్పుడు వాళ్ళు విసుగ్గా ఇటు చూశారు. మేక దగ్గర ఇంకోసారి చూశారు. గడియ పడేసరికి గోడకి అటు నుంచి కూడా ఒక మొరటు నవ్వు వినిపించింది, ఆ వెనక ఇంకో పదీ. ఒకడు గోడ మీదుగా వంగి, తన పెళ్ళాన్ని వెతుక్కుని, తెర మీది అత్తగారిని చూపిస్తూ, "అది మీ అమ్మే," అని అరిచాడు. హాలు హాలంతా ఘొల్లుమంది.

గుమ్మం దగ్గర నిలబడ్డ సన్యాసమ్మ ఆ రోజు తెరకి వీపు పెట్టలేదు. చివరిదాకా బొమ్మే చూసింది. చెంపల మీద తడి తుడుచుకోలేదు.

మేనేజరు గదిలో గురునాథరావు బెజవాడకి ట్రంకాల్ చేసి గట్టిగా మాట్లాడుతున్నాడు. "లేదండీ, పంపడం లేదు. ఆడవాళ్ళు నిలబెట్టారు," అన్న మాట సందు దాకా వినిపించింది.

సినిమా ఏడు వారాలు ఆడింది. రెండో వారం దాటేసరికి మగవాళ్ళు భార్యల్ని వెంటబెట్టుకు రావడం మొదలుపెట్టారు. నవ్వు వచ్చినప్పుడు పక్కన తమవాళ్ళు ఉండాలని, కొందరు బెంచీ మానేసి, మగా ఆడా కలిసి కూర్చునే కుర్చీ క్లాసుకి టిక్కెట్లు అడిగేవారు. ఆ తర్వాత వచ్చిన బొమ్మలకీ ఆ అలవాటు పోలేదు. ఎనభైలో హాలు యజమాని లోపలి గోడ కొట్టించి అంతటా కుర్చీలు వేయించాడు.

ఆ మాట చెప్పడానికి శ్రీరామ్మూర్తి చాలాసేపు కళ్ళజోడు తుడుచుకున్నాడు. "ఇంక ఆడవాళ్ళకి వేరే గేటంటూ లేదు సన్యాసమ్మా."

ఆమె టార్చిలైటు ఒకసారి వెలిగించి ఆర్పింది. తర్వాత, "మంచిదే కదా బాబూ," అంది. "ఇన్నాళ్ళూ ఆల నవ్వు ఆళ్ళదీ, ఈల నవ్వు ఈళ్ళదీ. ఇప్పుడు ఒక్కపాలే నవ్వుకుంటారు." టార్చిలైటు బల్ల మీద పెట్టి, నమస్కారం చేసి వెళ్ళిపోయింది. గాజువాకలో కాశమ్మ మొగుడికి ఉక్కు కర్మాగారం కట్టుబడి పనుల్లో ఉద్యోగం. అక్కడికే చేరింది.

ఒక్కసారి కూతురితో కలిసి సినిమాకి వచ్చింది. మేనేజరు ఆమెని కుర్చీలో కూర్చోబెట్టించాడు. ఇంటర్వెల్లు కాకముందే ఆమె లేచి, ఆ చివర గోడ దగ్గర, దేనికీ ఆనకుండా నిలబడింది. కాశమ్మ పిలిచినా రాలేదు. "కూకుంటే నాకు కనబడదే," అంది. ఆ తర్వాత ఆమెని ఆ హాలు దగ్గర ఎవరూ చూడలేదు.

పక్కసందు తలుపులోంచి ఇప్పుడు ఆట వదిలాక అందరూ బయటికి వస్తారు. మొగుడూ పెళ్ళాలు, నిద్రమొహం పిల్లలు, భుజం మీద చేతులేసుకున్న స్నేహితులు. వాళ్ళ తలల మీద, తియ్యడం ఎవరికీ తోచక, మేకు ఊడి ఒక పక్కకి ఒరిగిన నీలం రేకు పలక మీద తెల్లటి అక్షరాలు అలాగే ఉన్నాయి: ఆడవారికి మాత్రమే.