'అ' దగ్గర ఆగిన మాట

మా తమ్ముడు పాడితే ఊరు ఊరంతా చెవులప్పగించి వింటుంది. నేను బట్టలు కుట్టే కొట్టులో వాడి పాట పెడితే కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళు వచ్చిన పని మర్చిపోతారు. వాడు మాట్లాడితే మాత్రం నా పై ప్రాణాలు పైనే పోతాయి. వాడికి నత్తి. పాటలో ఒక్క అక్షరం తడబడడు, మంచినీళ్ళు అడగాలంటే 'మ' దగ్గరే నిలబడిపోతాడు.

వాడు ఆగిన మాటను ఎవరూ అందుకోకూడదని మా ఇంట్లో చట్టం. పెట్టింది నేనే. మా పిన్ని ఒకసారి జాలిపడి వాడి మాట తను పూర్తి చేస్తే ఆవిడను దులిపేశాను.

"ఒకరి నోట్లోంచి మాట లాక్కోవడం కూడా దొంగతనమే పిన్నీ!"

ఆవిడ చాలాకాలం మా గడప తొక్కలేదు.

వేరే ఊళ్ళలో కచేరీలకు వెళ్తే వాడి బదులు ఇంకెవరో మైకులో నాలుగు మాటలు చెబుతారు. ఇక్కడ మాత్రం, "మన ఊళ్ళో నేనే మాట్లాడతా" అన్నాడట. కచేరీ మొదలయ్యే ముందు సభ కార్యదర్శి ఆ సంగతి నాకు సంబరంగా చెప్పాడు. నాకు మాత్రం పాత సంగతి గుర్తొచ్చింది. బళ్ళో చదివేటప్పుడు వాడు ఇలాగే స్టేజి ఎక్కి మాట రాక నిలబడితే పిల్లలు పగలబడి నవ్వారు. ఆ తర్వాత ఏడాదిపాటు వాడు పాట కూడా మానేశాడు. నేనే బతిమాలి, పక్కన కూర్చుని మళ్ళీ పాడించాను. ఇప్పుడు ఈ హాల్లో మళ్ళీ ఎవడైనా కిసుక్కుమంటే?

"పాడేది వాడైతే చెమటలు నీకేంటే?" అన్నాడు పక్కనున్న మా ఆయన.

"మీరు కాసేపు నోరు మూసుకోండి."

మూసుకున్నాడు పాపం. ఆయన మణికట్టులో నా గోళ్ళు దిగి ఉన్నాయి మరి.

తమ్ముడు వచ్చాడు. చప్పట్లతో హాలు దద్దరిల్లింది. నేను కుట్టిన చొక్కాయే వేసుకున్నాడు, భుజాల దగ్గర కాస్త వదులైంది. సన్నబడ్డాడు వెధవ, తింటున్నాడో లేదో. మైకు దగ్గరికి జరుపుకున్నాడు.

"నాకు పాట నేర్పింది... అ... అ..."

ఆగిపోయాడు. దవడ బిగుసుకుంది. కనురెప్పలు టపటపలాడాయి. వెనక ఎవరో దగ్గారు. నాకది నవ్వులాగే వినబడింది.

"అ... అ..."

"అమ్మ!"

ఆ కేక నాదే. లేచి నిలబడి మరీ అరిచాను.

హాలంతా నా వైపు తిరిగింది. ఛీ, ఎంత పని చేశాను! కూర్చుందామంటే మోకాళ్ళు వంగవు. ఇప్పుడు వాడు దిగి వెళ్ళిపోతే ఆ పాపం ఎవరిదో కాదు, నాదే.

తమ్ముడు నన్ను చూసి తల అడ్డంగా ఊపాడు.

"కా... కాదు. నువ్వు కూ... కూర్చో."

హాలు గొల్లుమంది. నవ్వింది నన్ను చూసే, వాడిని కాదు. వాడూ నవ్వాడు. మళ్ళీ మైకు దగ్గరికి వంగాడు.

"అ..."

ఎవరూ కదల్లేదు. నేను రెండు చేతులతో నోరు నొక్కేసుకున్నాను.

"అ... అ... అక్క."

పాట మొదలైంది. ఏం పాడాడో నన్నడక్కండి. ఒక్క ముక్క వినబడితే ఒట్టు.