ఊద్ నప్పే మనిషి

మొదట పొగ.

తర్వాత తడిసిన కొయ్య. గొడ్ల సావిడి. ఎండలో మరిచిపోయిన తోలు చెప్పు.

ముక్కు ముడుచుకుంటుంది. గొంతులో ఏదో గీరుకుంటుంది. అగరు కొయ్య నుంచి తీసే ఊద్ అత్తరు మొదటి పలకరింపు అలాగే ఉంటుంది — పలకరింపులా కాదు, కసురుకున్నట్టు.

చాలామంది అక్కడే సీసా వెనక్కి ఇచ్చేస్తారు.

బందరులో, కోనేరు సెంటర్ పక్క సందులో ఫాతిమా వాళ్ళ అత్తరు కొట్టు. కొట్టు భర్త అబ్దుల్ ఖాదర్‌ది. ముక్కు మాత్రం ఫాతిమాది.

మనిషి మెట్టెక్కుతుండగానే ఆమెకు తెలిసిపోయేది. ఈమెకు మల్లె. ఆయనకు వట్టివేరు. ఇదిగో, ఈ పిల్లకు ఏమీ వద్దు — ఉతికిన బట్టల వాసన చాలు. గుడివాడ నుంచి పెళ్ళివాళ్ళు బస్సెక్కి వచ్చేవారు, ఆమె చేత ఎంపిక చేయించుకోవడానికి.

ఊద్ మాత్రం ఆమె ఎవరికీ ఎంపిక చెయ్యలేదు. అడిగి కొనుక్కునేవాళ్ళు కొనుక్కునేవారు. తనంతట తను ఆ సీసా తీసి, ఇది మీదే అని ఎవరి చేతిలోనూ పెట్టలేదు.

"దర్జాగా ఉండేవాళ్ళకి నప్పుతుందంటారు కదా?" అనేవాడు ఖాదర్.

"దర్జా సాయంత్రానికి చెరిగిపోతుందండీ. ఇది చెరగదు," అనేది ఫాతిమా.

ఆ తర్వాత రెండువేల ఇరవై ఒకటి వచ్చింది. మే నెల.

ముందు వాసన పోయింది.

తర్వాత ఊపిరి…

పెద్దాసుపత్రి. పద్నాలుగో మంచం. చుట్టూ మొహాల్లేని మనుషులు — తెల్లటి ముసుగులు, ఆవిరి పట్టిన కళ్ళద్దాలు. ఎవరు ఎవరో తెలియదు. ఒక్క గొంతు తెలిసేది.

"ఏవమ్మోయ్! బోర్లా పడుకోమన్నానా లేదా? ఇటు తిరుగు!"

వార్డు ఆయమ్మ గొంతు. గరుకు గొంతు. నొప్పి అంటే కసిరేది. తిననంటే కసిరేది. ఆ గొంతు తన మంచం దగ్గరికి వస్తుంటే ఫాతిమా కళ్ళు మూసుకునేది — నిద్రపోతున్నట్టు.

ఒక మధ్యాహ్నం ఫాతిమా ఆక్సిజన్ మాస్కు తనే పీకేసింది.

ఇక చాలనిపించింది. అంతే.

ఒక చెయ్యి వచ్చి మాస్కు మళ్ళీ పెట్టింది. పెట్టి, తియ్యలేదు. అక్కడే ఉండిపోయింది — చెంప మీద, తొడుగు వేసుకున్న చెయ్యి, చెమటతో బరువైన చెయ్యి.

"పోదామనే? నేనున్న వార్డులోంచి పోదామనే? నాతోపాటు లెక్కపెట్టు. ఊపిరి లెక్కపెట్టు. ఒకటి…"

ఒకటి.

రెండు.

మూడు…

కిటికీలో ఎండ ఒక ఊచ దాటింది. ఇంకో ఊచ దాటింది. గోడ మీదికి జరిగింది.

"డ్యూటీ దిగి గంటయింది కదా, వెళ్ళు మాణిక్యమ్మా," అని ఎవరో అన్నారు.

"వెళ్తాలే," అంది గొంతు.

వెళ్ళలేదు.

ఫాతిమా బతికింది. ఇంటికొచ్చింది. ఊపిరి వచ్చింది, నడక వచ్చింది, నవ్వు కూడా వచ్చింది — వాసన రాలేదు.

వేడన్నం మీద ఆవిరి కనిపించేది. అంతే. వాన పడితే నేల తడిసేది. అంతే. సీసాలన్నీ నీళ్ళ సీసాలే. మెట్టెక్కిన మనుషులందరూ ఒకేలా ఉన్నారు.

"నాకు తెలియట్లేదండీ," అని చెప్పి పంపేసేది. గుడివాడ పెళ్ళివాళ్ళు మెల్లగా రావడం మానుకున్నారు. ఖాదర్ కొట్టు తెరుస్తూనే ఉన్నాడు. రోజూ సీసాలు తుడిచి, వాటి వాటి చోట్లలో పెట్టేవాడు. పక్కన ఆమెకు కుర్చీ వేసేవాడు.

ఏడాది. ఏడాదిన్నర. ఇంకా పైన…

ఒక శుక్రవారం నమాజు నుంచి వచ్చి, ఖాదర్ ఊద్ సీసా బిరడా తీశాడు.

ఫాతిమా చేతిలో గుడ్డ ఆగిపోయింది.

పొగ. తడి కొయ్య. గొడ్ల సావిడి!

కుర్చీ చెయ్యి పట్టుకుంది. కళ్ళ వెంట నీళ్ళు. పెదాల మీద నవ్వు.

"ఏమైంది ఫాతిమా?"

"ఎవరో కసురుతున్నట్టుందండీ…"

ఖాదర్ బిరడా పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. మళ్ళీ మూత పెట్టడానికి అతనికి చేతులు రాలేదు.

మణికట్టు మీద ఒక చుక్క రాసుకుంది. గంటకి అది మెత్తబడింది. కసురు పోయింది. కొయ్య వెచ్చబడింది. అడుగున ఎక్కడో కాగిన బెల్లం లాంటి తీపి… సబ్బు పెట్టి కడిగినా వదల్లేదు. పొద్దువాలేదాకా వదల్లేదు.

డ్యూటీ దిగి గంటయినా వదలనట్టు.

"ఈ మనిషి నాకు తెలుసండీ," అంది ఫాతిమా.

ఆసుపత్రికి వెళ్ళి అడిగితే, బిందు అనే నర్సు పేరు గుర్తుపట్టి చెప్పింది. "మాణిక్యమ్మ గారా? కరోనా పని అయిపోయాక ఆయమ్మలంతా వెళ్ళిపోయారండీ. ఆవిడది దివిసీమ. పాలకాయతిప్ప బీచ్‌లో మొక్కజొన్న పొత్తులు కాలుస్తోందట."

ఆదివారం ఫాతిమా అవనిగడ్డ బస్సెక్కింది. వంతెన కింద కృష్ణ పాయ. కోడూరు దాకా చేలు, కోడూరు దాటాక చెరువులు, ఆ తర్వాత ఇసుక. సంచిలో చిన్న సీసా.

మొహం తెలియదు… ఆ ఒక్కటే బెంగ.

ఒడ్డున జనం. బొగ్గుల కుంపట్ల ముందు నలుగురైదుగురు ఆడవాళ్ళు. వీళ్ళలో ఎవరు? ఎవర్ని అడగాలి? ఏమని అడగాలి?

"ఏవర్రోయ్! అటెళ్ళకండి! ఏరొచ్చి కలిసే చోటది, కాళ్ళకింద ఇసుక లాగేస్తది! చెప్తుంటే మీక్కాదూ?"

ఫాతిమా కాళ్ళు ఆగిపోయాయి.

ఆ గొంతు.

ఎంత పెద్ద మనిషో అనుకుంది ఇన్నాళ్ళూ. చూస్తే — బక్కపల్చటి మనిషి. తన భుజం దాకా కూడా రాదు.

"మాణిక్యమ్మ గారూ… బందరు పెద్దాసుపత్రి. పద్నాలుగో మంచమండీ. నాచేత ఊపిరి లెక్కపెట్టించారు."

మాణిక్యమ్మ విసనకర్ర ఆపి చూసింది.

"గుర్తులేదమ్మా," అంది. "చాలామంది చేత లెక్కపెట్టించా. పోయినోళ్ళ మొహాలే ఉండిపోయినయ్యి, ఒక్కోటి. బతికినోళ్ళు ఇళ్ళకెళ్ళిపోయారుగా. ఆళ్ళెందుకు గుర్తుంటారు?"

ఫాతిమా చిన్నబుచ్చుకోలేదు.

మరిచిపోయినవాళ్ళలో తను ఉంది.

యా అల్లాహ్… ఆమె మరిచిపోయినవాళ్ళలో తను ఉంది!

సీసా తీసి, మసి అంటిన ఆ మణికట్టు మీద చుక్క రాసింది.

"అబ్బా! ఇదేం అత్తరమ్మా? గొడ్ల సావిడికి మల్లే!"

ఫాతిమా పకపకా నవ్వింది. "కాసేపాగండి. ఇలాగే ఉండదు."

కుంపటి పక్కనే ఇసకలో కూర్చుంది. మాణిక్యమ్మ పొత్తులు కాల్చింది. నీళ్ళలోకి దిగినవాళ్ళను కేకలేసింది. ఎండ పలచబడింది.

నుదురు తుడుచుకోబోయిన మాణిక్యమ్మ చెయ్యి ముక్కు దగ్గర ఆగింది.

మళ్ళీ వాసన చూసుకుంది.

ఇంకోసారి…

"ఇది నాకేనా?"

"మీకే. నేను ఇంకెవరికీ ఎంపిక చెయ్యలేదండీ."

మాణిక్యమ్మ సముద్రం వైపు తిరిగింది. "నీ పేరేంటమ్మా?"

"ఫాతిమా."

"ఫాతిమా," అంది ఆమె. మెల్లగా, లోపలెక్కడో చోటు చూసి పెట్టుకుంటున్నట్టు. "ఫాతిమా… బతికింది."

తర్వాత, కుంపటి మీద పొత్తు తిప్పుతూ —

"నీ పక్క మంచంలో చిన్నపిల్లుండేది. బంటుమిల్లి వైపు పిల్ల. బెజవాడ పంపించేశారు. ఏమైందో నీకేవన్నా తెలుసా?"

ఫాతిమాకి తెలియదు. పక్క మంచం వైపు తను చూసినట్టే గుర్తులేదు.

"తెలీదండీ," అంది. "కనుక్కుంటాను."

"కనుక్కో," అంది మాణిక్యమ్మ. అని, చేతిలో ఒక పొత్తు పెట్టింది. "ముందు ఇది తిను. చల్లారిపోతంటే చూస్తా కూర్చుంటావే?"

ఫాతిమా పొత్తును మొహం దగ్గరికి తెచ్చుకుంది.

కాలిన పొట్టు… ఉప్పుగాలి… పొగ.

ఊపిరి నిండా.