రెండు గింజల పరీక్ష

చిన్నకోడలు సొంత బావగారి ఉద్యోగానికే ఎసరు పెట్టిందనీ, అదీ కంప్యూటర్లో రెండు గింజలు తిప్పి పెట్టిందనీ పక్కింటావిడ కూరగాయల బండి దగ్గర చెప్పిందట. ఆవిడ మాటల్లో సగం కల్పనే ఉంటుంది. ఈసారి మాత్రం ఉప్పూకారం తగ్గించే చెప్పింది.

ఆ ఇంటి పెద్దకొడుకూ చిన్నకోడలూ ధాన్యం నిలవచేసే ఉక్కు గాదెల కంపెనీలో ఒకే గదిలో పనిచేస్తారు. గాదె అడుగున గరాటులోంచి గింజలు ఎలా దిగుతాయో ముందుగానే తెర మీద చూపించే ప్రోగ్రాం ఒకటి ఆ పిల్ల ఏడాదిపాటు కూర్చుని రాసింది. గింజా గింజా తాకినచోట ఒకదాన్నొకటి ఎంత వేగంగా రాసుకుంటాయన్నదే దానికి ప్రాణం. గింజ ముందుకు పోయే వేగం ఒక్కటీ చాలదు, తనచుట్టూ తాను తిరిగే వేగమూ కలపాలి. బావగారు దాన్ని తన పేరుతో యజమానికి ఒప్పజెప్పారు. మరదలు టైపింగులో సాయం చేసిందన్నారు. పైగా నత్తనడక నడుస్తోందని, తాకినచోటి లెక్కలోంచి తిరుగుడు మొత్తం కోసిపారేశారు.

కోసిన చోటు ఆమె ఆ వారమే చూసింది. చూసి, కుర్చీ వెనక్కి జరిపి, వెళ్లి బావగారికి కూడా కాఫీ కలిపి తెచ్చింది. కొనేవాళ్లు వచ్చే రోజు కోసం కాచుక్కూర్చుంది.

వాళ్లు వచ్చారు. తిరుగుడు లెక్కలో లేని గింజలు దొర్లవు కదా, తెర మీద మొరాయించి నిలబడ్డాయి. అందుకే గరాటు ఇంకా నిటారుగా, ఇంకా పొడవుగా కావాలని బావగారు చెప్పుకుపోతున్నారు. అంత ఉక్కు ఎందుకని కొనేవాళ్ల ఇంజనీరమ్మ నసుగుతోంది.

"బావగారూ, చిన్న పరీక్ష ఒకటి చేసి చూపించండి," అంది మరదలు. "రెండే గింజలు. ఆనుకుని, ఉన్నచోటే, రెండూ ఒకేవైపు తిరగాలి."

ఇప్పుడవన్నీ ఎందుకమ్మా అన్నారాయన.

"మీరు రాసిందేగా. మీకెంతసేపు?"

యజమాని కూడా కానిమ్మన్నాడు. ఆయన తిప్పి వదిలితే తెర మీద గింజలు రెండూ బొంగరాల్లా తిరిగాయి. తాకినచోట వేగం మాత్రం సున్నా. ఇంజనీరమ్మ తన పిడికిళ్లు రెండూ ఆనించి, ఒకేవైపు తిప్పి చూసుకుంది. చర్మం చర్మాన్ని ఒరుసుకుంది. మరి ఈ సున్నా ఎక్కణ్ణుంచి వచ్చిందని అడిగింది. బావగారు పరీక్ష మళ్లీ నడిపారు, మళ్లీ సున్నాయే వచ్చింది. మరదలు లేచి, కోసేసిన లెక్కంతా దేన్నీ చూడకుండా బోర్డు మీద రాసింది. సాయంత్రానికల్లా ఆయన్ని ఆ పనిలోంచి తప్పించారు.

ఇంట్లో భోజనాల దగ్గర అత్తగారు ఇంటి పరువు గురించి ఎత్తుకుంది. అన్నయ్యే కదా, సర్దుకుపోవలసింది అని మొగుడు గొణిగాడు. ఆ పిల్ల అందరికీ అడిగి అడిగి వడ్డిస్తోంది. చాలాకాలానికి ప్రాణం హాయిగా ఉంది, దాన్ని దాచుకోనూ లేదు. అది చూసి తోడికోడలికి ఒళ్లు మండింది.

"తప్పు కనబడ్డప్పుడే ఆయన చెవిలో ఓ మాట వెయ్యొచ్చుగా. ఇంటిమనిషివి."

"వేసుంటే అది కూడా తన పేరునే రాసుకునేవారక్కా."