ఉడుకునీళ్ల శుక్రవారం

శుక్రవారం పొద్దున్నే గులాబ్‌బీ ఇంజనుకు స్నానం చేయిస్తోంది. పాత లుంగీ గుడ్డను కిరోసిన్‌లో ముంచి పెద్ద చక్రాన్ని తుడిచింది, ఆకుపచ్చ రంగు మిగిలిన చోట్లు తుడిచింది, రంగు రాలిపోయిన చోట్లు ఇంకా గట్టిగా తుడిచింది. పుల్ల తీసి ఆయిలు చూసింది. పక్కనున్న ఇనుప డ్రమ్మును మెడదాకా నీళ్లతో నింపింది. యాభై దాటినా ఆమెవి బస్తాలు మోసే జబ్బలు. హ్యాండిలు తిప్పీ తిప్పీ కుడి అరచేయి కాయలు కాసింది. ముక్కుపుడక మీద కూడా నల్లటి ఆయిలు చుక్క.

దేవరకొండలో రఘుపతి సేటు ఇంటి వెనుక రేకుల కొట్టంలో ఉంటుంది ఆ జనరేటరు. దాని పక్కనే ఆమె మంచం. మొదట ఈ పని ఆమె భర్త మొయినుద్దీన్‌ది. అతను చనిపోయాక ఒకరోజు కరెంటు పోయింది, సేటు ఇంట్లో టీవీ ఆగింది, మెకానిక్కు దొరకలేదు. గులాబ్‌బీ వచ్చి హ్యాండిలు అందుకుంది. ఇన్నేళ్లూ మొగుడికి నట్లు బిగించే పానాలు అందించింది ఎవరు మరి? ఆడది ఇంజను తిప్పడమేమిటని నవ్వినవాళ్లు నవ్వారు. ఇంజను నవ్వలేదు. స్టార్టయింది.

కరెంటు ఉన్నా సరే, వారానికోసారి ఇంజనును నడపాలి. లేకుంటే లోపల పట్టేస్తుంది. నడిస్తే వేడెక్కుతుంది. ఆ వేడిని లాక్కోవడానికే డ్రమ్ములో నీళ్లు. కాసేపటికి అవి పొగలు కక్కుతాయి. సేటుకు కావలసింది వెలుగు. ఉడుకునీళ్లు ఆయన లెక్కలో మోరీలో పోయే సరుకు. వెనుక గల్లీకి మాత్రం అవే పండుగ. కట్టెలకు దిక్కులేని ఇళ్లు అవి. శుక్రవారం వస్తే చాలు, బకెట్లు, బిందెలు, సొట్టల సత్తుగిన్నెలు వెనుక తలుపు ముందు వరుస కట్టేవి. బాలింతలకు, పసిపిల్లలకు, కీళ్లు పట్టేసిన ముసలివాళ్లకు మొదటి వంతు. ఆ కట్టుబాటు గులాబ్‌బీ పెట్టిందే.

ఇప్పుడు ఆ వరుసకే ముప్పు వచ్చింది. సేటు పట్నం నుంచి తాడు లాగితే మోగే చిన్న జనరేటరు తెచ్చుకున్నాడు. పాతదాన్ని కొనడానికి ఇవాళ కట్టంగూరు నుంచి మనిషి వస్తున్నాడు.

"స్టార్టే గాకుంటె ఎవడు కొంటడు అక్కా?" అని వెనుక గల్లీ నర్సింగమ్మ నిన్ననే ఎక్కించింది. "నా మనుమరాలు పుట్టి పది దినాలు గాలె, ఇంక పురుడు తానమన్న గాలె. గీ చలిల ఉడుకునీళ్లు ఏడికెళ్లి తేవాలె?"

అందుకే గులాబ్‌బీ అటూ ఇటూ చూసి, డీజిలు గొట్టం నట్టుకు పానా వేసి, ఒక చుట్టు వదులు చేసింది. గాలి లోపలికి పోతే ఇంజను లేవదు. అన్నేళ్లు బిగించిన చెయ్యి ఇవాళ దొంగచెయ్యి అయింది.

"అయిందా?" తలుపు అవతలి నుంచి నర్సింగమ్మ గుసగుస.

"అయింది. నోరు మూస్కొని నిలవడు."

కట్టంగూరు ఎల్లస్వామి వ్యాను దిగాడు. బక్కపలచటి రైతు. కండువా నడుముకు చుట్టి తానే హ్యాండిలు తిప్పాడు. ఇంజను దగ్గింది, ఆగింది. మళ్లీ తిప్పాడు. మళ్లీ దగ్గు. సేటు ముఖం మాడింది. తలుపు వెనుక బిందెలు ఒకదానికొకటి తగులుతున్నాయి. ఆడవాళ్లు నవ్వాపుకోలేక కదులుతున్నారు.

ఎల్లస్వామి చెమట తుడుచుకున్నాడు. "గిది పీనుగు సేటూ. పాతినుము కిందైతె తీస్కపోత."

గులాబ్‌బీకి చెవుల్లో సెగ పుట్టింది.

"ఏందీ? పీనుగా? నీ నోట్ల మన్నువడ! వారం వారం తానం జేపిస్తున్న దీనికి. జరుగు ఆడికి!"

నట్టు తిప్పి గాలి తీసింది. బుడగలు పోయి డీజిలు సన్నటి ధారగా దూకగానే బిగించేసింది. ఎడమచేత్తో లివరు ఎత్తిపట్టి, కుడిచేత్తో హ్యాండిలు తిప్పి, ఊపు రాగానే లివరు వదిలింది. డుక్కు... డుక్కు... డుగడుగడుగ! రేకులు అదిరాయి. కొట్టంలో బల్బు వెలిగింది.

తలుపు దడాలున తెరుచుకుంది. నర్సింగమ్మ నెత్తి కొట్టుకుంది.

"నీ పౌరుషం పాడుగాను గులాబక్కా! కొంప ముంచితివి గదనే!"

అప్పుడు తెలిసింది గులాబ్‌బీకి తానేం చేసిందో. నాలుక కరుచుకుంది. ఎవరు మొదలుపెట్టారో గానీ గల్లీ మొత్తం పొట్ట పట్టుకుని నవ్వింది. ఆమె కూడా.

ఎల్లస్వామి గొట్టం వైపు చూశాడు. "నట్టు ఎవలు వదులు జేసిండ్రమ్మా?"

"నేనే."

"మల్ల బిగించింది?"

"గదీ నేనే."

అతను కూడా పకపకా నవ్వేశాడు. "మా ఇంటెనక కోళ్ల షెడ్డు ఉన్నది. కరెంటు పోతె బల్పులారి, కోడిపిల్లలు చలికి కుప్పలు కుప్పలు చస్తున్నయి. ఇంజనైతె కొంట, తిప్పేటోళ్లేరి? నువ్వే రారాదు? ఉండనీకె జాగ ఇస్త, జీతమిస్త."

ఇంజను అమ్ముకునేటప్పుడు దాన్ని తిప్పే మనిషి ఏం తిని బతకాలో ఆలోచించిన సేటు ఈ భూమ్మీద లేడు.

గులాబ్‌బీ చేతులు తుడుచుకుంది. "మీ కాడ కట్టెల్లేని ఇండ్లు ఉన్నయా?"

"మస్తున్నయి."

"ఇంజను నీది. ఉడుకునీళ్లు నాయి, నా ఇష్టమున్నోళ్లకిస్త. సరేనంటె వస్త."

"తీస్కో తల్లీ!"

ఆ రోజు వంతు లేదు, వరుస లేదు. ఇంజను ఎంతసేపు మోగితే అంతసేపు గల్లీ అంతా స్నానాలే. కాళ్ల మీద పడుకోబెట్టుకుని నర్సింగమ్మ నీళ్లు పోస్తుంటే పసి మనుమరాలు కెవ్వున ఏడ్చి, వెచ్చదనం తగలగానే కళ్లు మూసుకుంది.

తర్వాత ఇంజనును వ్యానులోకి ఎక్కించారు. కూలీలు డ్రమ్ము మీద చెయ్యి వేశారు.

"డ్రమ్ము ముట్టకుండ్రి! గది మా ఆయన తెచ్చింది, సేటు అమ్మలె," అని గులాబ్‌బీ దాన్ని గల్లీలోకి దొర్లించి, మూడు రాళ్ల మీద నిలబెట్టి, బిందెల్లో మిగిలిన ఉడుకునీళ్లు అందులో పోయించింది. "శుక్రారం శుక్రారం, జుమ్మా నాడు తలా రెండు కట్టెలు తెచ్చి కింద మంట వెట్టుండ్రి. నేను లేనని తానాలు బందువెట్టిండ్రో, వచ్చి తంత!"

"ఫో అక్కా, ఫో! కోడిపిల్లలకు గూడ తానం జేపియ్యి!" అంది నర్సింగమ్మ, నవ్వుతూ, కళ్లు ఒత్తుకుంటూ.

గులాబ్‌బీ పానాల సంచి ఒళ్లో పెట్టుకుని ఇంజను పక్కన కూర్చుంది. వ్యాను మలుపు తిరిగింది.

గల్లీలో డ్రమ్ము మిగిలింది. మాపటేళ దాకా అందులో నీళ్లు వెచ్చగానే ఉన్నాయి.