వెనక బల్ల దంపతులు

ఫిల్మ్ నగర్ సందులో ఆ పిజ్జా షాపుకి ఉన్నవి ఎనిమిదే బల్లలు. బయట కాచుకున్నవాళ్ళు ఇరవై మందికి తక్కువ లేరు. జూబ్లీహిల్స్ కార్లవాళ్ళూ, షేక్‌పేట స్కూటర్లవాళ్ళూ అక్కడ ఒకే వరసలో పేర్లు రాయించుకుని ఒకే రకంగా విసుక్కుంటారు. శనివారం సాయంత్రం ఆరున్నరకి రెజీనా కూడా పేరు రాయించి, గోడవార ప్లాస్టిక్ స్టూలు మీద కూలబడింది. పక్క స్టూలు మీద ఆవిడ భర్త మైఖేల్. పొద్దున్న ఏడింటి నుంచి స్టూడియోలో పెళ్ళి సీను గుంపులో నిలబడి నిలబడి ఇద్దరికీ కాళ్ళు పీకేస్తున్నాయి. ఇంత అలిసినవాళ్ళు యూసుఫ్‌గూడ వెళ్ళి పడుకోక ఇక్కడ పడిగాపులు పడటమేమిటి? మైఖేలూ అదే అడిగాడు.

“ఇంటికెళ్ళి ఇంత అన్నం తిని పడుకోక ఇదేం సరదా నీకు?”

“సెట్లో ఎన్నిసార్లు కూర్చోబెట్టారు మనల్ని పిజ్జాల ముందు? ఒక్కసారైనా నోట్లో పెట్టుకోనిచ్చారా? ఇవాళ తిందామండీ.”

అది అబద్ధం కాదు. కానీ అసలు సంగతి వేరే ఉంది. మూడు రోజుల క్రితం జూనియర్ ఆర్టిస్టుల ఏజెంటు చలపతిరావు ఆవిణ్ణి పక్కకి పిలిచాడు. “సోమవారం హోటల్ సీనుకి నువ్వొక్కదానివే రామ్మా. ఇక మీ ఆయన్ని పిలవలేను. చేతిలో గ్లాసు వణుకుతోంది. ముందు హీరో ఏడుస్తుంటే చూపంతా వెనక గ్లాసు మీదకే పోతోందని కెమెరా వాళ్ళ గోల. నువ్వే చెప్పు నెమ్మదిగా,” అన్నాడు. పనికి పిలిచేటప్పుడు ఫోన్ల మీద ఫోన్లు చేసే పెద్దమనిషి, వద్దనే మాట మాత్రం పెళ్ళాం నోట పలికిద్దామనుకున్నాడు.

ఇంట్లో చెబుదామంటే మైఖేల్ దొరకడు. ఉండేది ఆ ఒక్క గదిలోనే, అయినా దొరకడు. బూట్లు విప్పడం, కంచం ముందు కూర్చోవడం, గోడవైపు తిరిగి పడుకోవడం అన్నీ ఒక్క ఊపులో అయిపోతాయి. ఆవిడా తక్కువేం తినలేదు, మాట మధ్యలోనే గుర్రు పెడుతుంది. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆ ఇద్దరూ మనసు విప్పి మాట్లాడుకున్నదంతా షూటింగుల్లోనే. హోటల్ సీను అంటే చాలు, వీళ్ళని వెనక బల్ల దగ్గర ఎదురెదురుగా కూర్చోబెట్టేవారు. ముందు హీరో హీరోయిన్లు డైలాగులు చెబుతుంటే వెనక వీళ్ళు కబుర్లాడుకుంటున్నట్టు పెదాలు కదపాలి. చప్పుడు రాకూడదు, మొహం మీద నవ్వు చెదరకూడదు. వీళ్ళు నిజంగానే మాట్లాడుకునేవారు. కూతురు మెర్లిన్‌ని నర్సింగులో చేర్పించడం, మైఖేల్ తల్లి పోయాక బాపట్ల ఇల్లు ఏం చెయ్యాలన్నది, పుట్టింటికి పోతానన్న పెద్ద తగాదా, దాని రాజీ, అన్నీ అలా గొంతు లేకుండా నవ్వుతూ తేలిపోయినవే. అందుకే మధ్యలో ఒక బల్ల ఉంటే తప్ప ఈ మాట బయటికి రాదనుకుంది రెజీనా.

“రెజీనా గారు, ఇద్దరు!” లోపలినుంచి ఒకమ్మాయి పిలిచింది.

దొరికింది మూల బల్ల. పక్క బల్లకీ దానికీ జానెడు ఎడం. అక్కడ ఒక పెద్దావిడ మనవడితో కూర్చుని ఉంది. ఏం అడగాలో తెలియక అందరూ తింటున్నదే తెమ్మన్నారు. పిజ్జా చెక్క పలక మీద వచ్చింది, చీజు ఇంకా బుడగలు కడుతోంది. సెట్లో పిజ్జాకి మెరుపు రావాలని నూనె పూసి, ముట్టుకుంటే కసిరేవారు. మైఖేల్ చేతులు జోడించి, ప్రార్థనకి కళ్ళు మూసుకున్నాడు. జోడించిన చేతులు కూడా వణుకుతున్నాయి.

రెజీనా ఇక ఆగలేకపోయింది. చప్పుడు లేకుండా పెదాలు కదిపింది. ‘సోమవారం నుంచి మిమ్మల్ని రావద్దన్నారండీ.’ ఆయన కళ్ళు మూసుకుని ఉండగానే మొత్తం చెప్పేసింది. చెప్పాక తన మీద తనకే అసహ్యం వేసింది. ఇంత పిరికిదాన్నా అనుకుంది.

“ఆమేన్,” అని మైఖేల్ కళ్ళు తెరిచి ఒక ముక్క అందుకున్నాడు. “కోటు ఇస్త్రీకి ఇచ్చాను. రేపు చర్చి నుంచి రాగానే జుట్టుకి కాస్త రంగు వెయ్యి. సోమవారానికి బాగుంటుంది.”

రెజీనా మొహం మీదకి నవ్వు తెచ్చుకుని, మళ్ళీ మొదటినుంచి పెదాలతో చెప్పింది. ఈసారి ఆయన చూస్తున్నాడు. ఏళ్ళ తరబడి చదివిన పెదాలు, ఒక్క మాట కూడా తప్పిపోలేదు.

మైఖేల్ ముక్కని పలక మీద పెట్టేశాడు. చేతులు బల్ల కిందకి దాచుకున్నాడు.

‘ఎప్పుడు చెప్పారు?’ ఆయనా పెదాలతోనే అడిగాడు.

‘మూడు రోజులైంది.’

‘నవ్వుతున్నావేంటి మరి?’

‘ఏడిస్తే అందరూ చూస్తారు.’

అప్పుడే నీళ్ళ సీసా తెచ్చిన అమ్మాయి వీళ్ళ మాటలు చూసి, మూగవాళ్ళనుకున్నట్టుంది, బొటనవేలెత్తి ‘బాగుందా?’ అని సైగ చేసింది. పక్క బల్ల పెద్దావిడ మనవణ్ణి, “అట్ల జూడొద్దురా, పాపం!” అని గదమాయించి, తనే జాలిగా చూడసాగింది. ఇన్ని సినిమాల్లో కనబడినా వీళ్ళకేసి ఎవరూ ఇంత శ్రద్ధగా చూసి ఎరగరు. సరిదిద్దే ఓపిక ఇద్దరికీ లేదు. బాగుందన్నట్టు మైఖేల్ తలూపాడు. ఆ అమ్మాయి వెళ్ళేదాకా ఆగి అడిగాడు.

‘నీ ఎదురుగా ఎవర్ని కూర్చోబెడతారు?’

ఈ మూడు రోజుల్లో రెజీనా చాలా జవాబులు సిద్ధం చేసుకుంది. చేతులు డాక్టరుకి చూపిద్దామనీ, మెర్లిన్ దగ్గర కొన్నాళ్ళు ఉండి రమ్మనీ, కోపం వస్తే ఊరుకోవాలనీ అనుకుంది. ఈ ప్రశ్న మాత్రం తట్టనే లేదు.

‘ఎవరో వెంకటేశ్వరరావంట. కొత్తాయన.’

‘అతనితో ఏం మాట్లాడతావు?’

అప్పుడు జారిపోయింది రెజీనా నవ్వు.

“అంకెలు,” అంది గట్టిగా, గొంతుతోనే. “కొత్తవాళ్ళంతా చేసేదే నేనూ చేస్తాను. ఒకటి నుంచి వంద దాకా పెదాలతో చదువుతాను. వంద అయ్యాక మళ్ళీ ఒకటి. మీతో మాట్లాడినట్టు ఎవరితోనో ఎలా మాట్లాడతానండీ?”

పక్క బల్ల పెద్దావిడ చేతిలో ముక్క చేతిలోనే ఉండిపోయింది. మైఖేల్ అదేమీ పట్టించుకోలేదు. దాచుకున్న చేతులు తీసి బల్ల మీద పెట్టాడు. అవి వాటి మానాన వణుకుతున్నాయి. ఆయన వాటిని ఆపాలని చూడలేదు.

“మరి మన సంగతి?” అన్నాడు, ఆయన కూడా పైకే. చాలా అలిసిపోయిన గొంతు. “ఇకనుంచి ఇంట్లోనేగా మాట్లాడుకోవాలి. మనకి చేతనవుతుందా రెజీనా?”

“తెలీదండీ,” అంది.

కాపురానికి వచ్చిన మొదటిరోజు వేసినంత భయం వేసింది ఆవిడకి.